పొయ్యి మంట, పొగ
మేము బడిపంతుళ్లం, డాక్టర్లం కాము. తెలుసుకున్నది మనవి చేస్తున్నాము.

థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే ఒంట్లో పొయ్యి మంట పెరిగినట్లే. గుండె దడ, చేతుల వణుకు, ఎంత తిన్నా చిక్కిపోవడం. మంట పెరిగితే పొగా పెరుగుతుంది. ఆక్సీకరణ అనే ఆ పొగే కణాలను దెబ్బతీస్తుంది.

అందుకని అసలు మాత్రలు మానేసి విటమిన్ బిళ్లలు మింగితే చాలా? పొగ తుడిస్తే మంట ఆరదు కదా! మంట తగ్గించేది కార్బిమజోల్ వంటి మందే. అది వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించాలి.

ఈ జబ్బువల్ల కళ్లు కొద్దిగా దెబ్బతిన్నవారికి 6 నెలల సెలీనియం మేలు చేసిందని 2011లో వెలువడిన యూరపు పరీక్ష తేల్చింది. అదీ డాక్టరు చెబితేనే. బీడీ, సిగరెట్టు మానడానికి మాత్రం ఎవరి చీటీ అక్కరలేదు. ఆ కళ్లకు అవే శత్రువులు.