ఒకరి చదువు, ఇంటిల్లిపాది బరువు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేళ నేను మీతో ముచ్చటించదలచుకున్న విషయం చదువు. పిల్లల చదువు కాదండీ. పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టాక, తల్లో తండ్రో మళ్ళీ పుస్తకం పట్టుకుని కాలేజీకి వెళ్ళడం గురించి. తీరిక వేళల్లో ఇంట్లో కూర్చుని చదువుకునే సంగతి కూడా కాదు. రోజూ హాజరు పలికి, అక్కడే ఉండి, పరీక్షలు రాసే పూర్తికాలపు చదువు. అలాంటి చదువు ఇంట్లో ఒకరు మొదలుపెడితే, రెండో మనిషి మీద ఏం పడుతుంది? పాసైతే పేపర్లో ఫోటో వేస్తారు. ఆ ఫోటోలో చదివినవాళ్ళుంటారు గాని వండిపెట్టినవాళ్ళు ఉండరు.

మాది సున్నిపెంట. నల్లమల అడవి మధ్య శ్రీశైలం డ్యాము కోసం వెలసిన ఊరు. 1963 జూలైలో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు, 1982లో అక్కడ కరెంటు పుట్టింది. ఆ ఇరవై ఏళ్ళూ ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఇక్కడ కాపురాలు పెట్టారు. పని ఉన్నన్నాళ్ళే క్వార్టరు. పని అయిపోతే సామాను సర్దుకుని ఇంకో ప్రాజెక్టుకు బయల్దేరడమే. పొలం పుట్రా, తాతలనాటి ఇల్లు వాకిలి ఉన్నవాళ్ళు మా కాలనీలో తక్కువ. పిల్లలకిచ్చే ఆస్తి చదువొక్కటేనని మా పెద్దలు అనడానికి కారణం అదే.

2022 ఏప్రిల్ నుంచి మేము నంద్యాల జిల్లాలోకి వచ్చాం. జిల్లా అయితే దగ్గరైంది గాని దారి దగ్గర కాలేదు. ఘాటు దిగి దోర్నాల, మళ్ళీ అడవిలోంచి ఆత్మకూరు, అక్కణ్ణుంచి నంద్యాల. పులుల అడవి కాబట్టి రాత్రి తొమ్మిదైతే గేట్లు మూసేస్తారు. రోజూ కాలేజీకి వెళ్ళి రావడమనే మాటే లేదు. చదివే మనిషి అక్కడుండాలి, ఇల్లు ఇక్కడుంటుంది.

మా వరసలోనే ఒక ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను. పేరు చెప్పను, వాళ్ళకిష్టం ఉండదు. 2017లో ఆ ఇల్లాలికి నంద్యాలలో బి.ఎడ్. సీటు వచ్చింది. డిగ్రీ పెళ్ళికి ముందే అయింది. పెద్దపిల్లకు ఐదేళ్ళు, చిన్నవాడికి రెండు. భర్త శ్రీశైలంలో యాత్రికులకు జీపు తిప్పుతాడు. బి.ఎడ్. ఒక ఏడాది చదువని మనందరికీ పాత అలవాటు. 2015 నుంచి దాన్ని రెండేళ్ళు చేశారు. అందులో ఇరవై వారాలు బళ్ళో పిల్లలకు పాఠం చెప్పాలి. క్లాసులకు నూటికి ఎనభై, ఆ బడి పాఠాలకు నూటికి తొంభై హాజరుండాలి. పిల్లవాడికి జ్వరమంటే కాలేజీ వాళ్ళు ఎన్నిసార్లు వింటారు చెప్పండి?

అత్తగారిది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. కబురు తెలిసి వచ్చింది. వచ్చీ రాగానే అడిగింది:

"ఏమ్మే, ఇద్దరు బిడ్డల్ని ఇడిసిపెట్టి హాస్టల్లో ఉంటావా?"

"నెలకు రెండుసార్లు వస్తా అత్తా."

"ఎన్ని దినాలు?"

"రెండేండ్లు."

"రెండేండ్ల మీద ఒక్క దినం గూడా నేనుండ. ఆడ బర్రె ఉండాది."

బర్రెను చిన్నకొడుకు ఇంట్లో కట్టేసి, ట్రంకుపెట్టెతో దిగింది. ఆవిడ మాటలో కటువు ఉంది గాని, నన్నడిగితే ఆ ఇంటిని నిలబెట్టింది ఆ మాటే. గడువు పెట్టింది. ఎంతకాలమో తెలిస్తే మనిషి ఎంత బరువైనా మోస్తాడు. "చదువు అయ్యేదాకా" అన్న ఇళ్ళల్లోనే మొదట గొడవలు రావడం చూశాను. అయ్యేదాకా అంటే ఎప్పటిదాకా? ఒక సబ్జెక్టు పోయినా అయ్యేదాకానే, ఆపైన ఇంకో కోర్సు చేరినా అయ్యేదాకానే.

ఇక డబ్బు. ఫీజు అందరికీ కనిపించే ఖర్చు. కనిపించనివి వేరే. రెండో పొయ్యి, రెండుచోట్లా సబ్బు, నూనె, బస్సు చార్జీలు, ఆమె అంతకుముందు ట్యూషన్లు చెప్పి తెచ్చే నాలుగు రూపాయలు ఆగిపోవడం. ఇవన్నీ కలిపితే ఫీజును మించిపోయాయి. ఈ ఇంట్లో ఒక మంచిపని చేశారు. ఒక నోటుబుక్కు పెట్టి ఎవరు ఎక్కడ ఏం ఖర్చు చేసినా అందులో రాశారు. అత్తగారికి చదువు రాదు, కాబట్టి మనవరాలిచేత రాయించేది. ఆ పిల్లకు కూడికలు అలాగే వచ్చాయి.

అప్పు దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మనవాళ్ళు నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఎంతో కొంచెమనుకుంటారు. నెలకు మూడు అంటే ఏడాదికి ముప్పై ఆరు. యాభై వేలు తెస్తే నెలకు పదిహేను వందలు, రెండేళ్ళకు వడ్డీయే ముప్పై ఆరు వేలు, అసలు అసలులాగే ఉంటుంది. బ్యాంకుల్లో చదువు అప్పు ఉంది. సాధారణంగా చదువు పూర్తయ్యాక ఏడాదిదాకా వాయిదాలు మొదలుకావు. అది పద్దెనిమిదేళ్ళ కుర్రవాళ్ళకేనని చాలామంది ఆడవాళ్ళు బ్యాంకులో అడగనే అడగరు. అడగాలండీ. వీళ్ళు మాత్రం ఆమె గొలుసు బ్యాంకులో పెట్టారు.

మొదటి ఏడాది ఎలాగో జరిగింది. అసలు పరీక్ష 2018 శివరాత్రికి వచ్చింది. మా కొండమీద బతుకులకు శివరాత్రి, ఉగాది, కార్తీకం, ఆ తర్వాత డ్యాము గేట్లెత్తే రోజులు. ఇవే పంట కోతలు. ఉగాదికి కన్నడ దేశంనుంచి భక్తులు అడవిదారిన నడిచి వస్తారు. జీపువాడికి ఆ పదిరోజుల సంపాదనే తర్వాత రెండు నెలలు ఇంట్లో పొయ్యి వెలిగిస్తుంది. సరిగ్గా శివరాత్రి వారంలో చిన్నవాడికి జ్వరం తగిలింది. అత్తగారికి మోకాళ్ళు వాచి లేవలేకపోయింది. ఆమెకు కాలేజీలో పరీక్షలు. అతను నాలుగు రోజులు జీపు ఆపి, ఇంట్లో ఉండి, పిల్లవాడికి తడిగుడ్డ వేస్తూ, తల్లికి కాపడం పెడుతూ, జావ కాచాడు. నాలుగు రోజుల కిరాయి పోయింది.

ఆమె పరీక్షలై వచ్చిన శనివారం, ఇక మానేస్తానంది. ఏడుస్తూనే అంది. అతను అవుననలేదు, కాదనలేదు. అతని మనసులో ఏముందో నేను చెప్పలేను. మంచంమీద పడుకున్న ముసలావిడే లేచి కూర్చుని, "సగం ఉడికిన కూడు దించి ఎవురు తింటారే?" అంది. మొదట వద్దన్నదీ ఆవిడే.

ఇంకో మాట చెప్పాలి. పిల్లవాడు. మూడేళ్ళు నిండిన పిల్లలను అంగన్‌వాడీలో కూర్చోబెడతారు, మధ్యాహ్నం అన్నం పెడతారు, కాసేపు ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది. రెండేళ్ళవాడికి ఆ వీలు లేదు. వాడు అవ్వను అమ్మా అనడం మొదలుపెట్టాడు. తల్లి వస్తే మొదటి పూట దగ్గరికి రాడు. ఆమె వచ్చేది రెండు రోజులకు, అందులో ఒక పూట అలకకే పోయేది. వాణ్ణి బలవంతాన ఎత్తుకోకుండా, పక్కన కూర్చుని రొట్టెలు తట్టుకుంటూ ఉంటే వాడే వచ్చి వీపుమీద వాలేవాడు. చదువుకునే తల్లి ఇంటికొచ్చే రోజుకోసం మురికిగుడ్డలన్నీ మూటకట్టి ఉంచే ఇళ్ళు నాకు తెలుసు. దయచేసి ఆ పని చేయకండి. ఆ రెండురోజులూ పిల్లలవి.

చదివేది భర్త అయితే కథ మరోలా ఉంటుంది. డిప్లొమా చేసి పనిలో ఉన్నవాళ్ళు ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరతారు. మా కాలనీలోనూ అలా వెళ్ళినవాళ్ళున్నారు. ఇక్కడ పెళ్ళాం కుట్టుమిషను తొక్కో, పొద్దున్నే ఉగ్గాని బజ్జీ చేసి అమ్మో ఇల్లు నడుపుతుంది. అప్పుడు అందరూ "పాపం, ఆయన చదువుకుంటున్నాడు" అంటారు. చదివేది భార్య అయితే "పాపం, ఆయన వంట చేసుకుంటున్నాడు" అంటారు. రెండింట్లోనూ పాపం ఆయనకే దక్కింది, గమనించారా?

ఇంటి మనిషి మోసిన బరువు లెక్కలోకి రాకపోవడం ఈనాటిది కాదు. కడుపుతో ఉన్నవాళ్ళకు ఆస్పత్రిలో ఫోలిక్ యాసిడ్ మాత్రలిస్తారు కదా. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపినవారు మన తెలుగువారు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. బోదకాలుకు వాడే మందూ ఆయన నడిపిన పరిశోధనలోంచి వచ్చిందే. మదరాసులో ఆయన వైద్యం చదువుకోవడానికి డబ్బు పెట్టింది మామగారు. 1919లో శేషగిరిగారితో పెళ్ళయింది. 1922లో తిరిగి వస్తానని చెప్పి, గర్భవతిగా ఉన్న భార్యను ఇక్కడ వదిలి పై చదువుకు అమెరికా వెళ్ళారు. అక్కడ ఆయనకూ సుఖమేం లేదు, ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి పొట్టపోసుకున్నారు. ఇక్కడ కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు, తండ్రి చూడనే లేదు. సుబ్బారావుగారు మళ్ళీ ఇంటికి రాలేదు. 1948లో అక్కడే కన్నుమూశారు. ఆయన మందులు లోకానికి చేసిన మేలు తక్కువది కాదు, నేను కాదనడం లేదు. కానీ ఆ గొప్పతనంలో శేషగిరిగారి వాటా ఎంతో ఏ పుస్తకం లెక్కకట్టింది? 

ఇల్లు కదలలేనివారికి దారులు మనవాళ్ళు ఎప్పుడో ఆలోచించారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు మదరాసులో బెనారస్ మెట్రిక్ పరీక్షకు ఆడవాళ్ళకు పాఠాలు చెప్పించడంతోనే ఆంధ్ర మహిళా సభకు పునాది పడింది. ఆవిడ ముందుండి నడిపిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, మధ్యలో చదువాపిన స్త్రీలకోసం 1958లో సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. 1982లో హైదరాబాదులో దేశానికే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. తర్వాత దానికి అంబేద్కర్ గారి పేరు పెట్టారు. కుదిరితే అది మేలే. కానీ టీచరు కావాలన్నా, నర్సు కావాలన్నా ఇంట్లో కూర్చుంటే రాదు, వెళ్ళి చేతులతో నేర్చుకోవాలి. పెద్ద చదువుల్లో ఈమధ్య కొంచెం కనికరం వచ్చింది. పి.హెచ్‌డి. చేసే స్త్రీలకు ప్రసవానికీ, పిల్లల పెంపకానికీ కలిపి 240 రోజుల సెలవు ఇవ్వవచ్చని 2016లో యు.జి.సి. నిబంధన పెట్టింది. డిగ్రీ, పి.జి. చదివేవారికీ ప్రసూతి సెలవు నియమాలు చేయమని 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు రాసింది. మీ ఇంట్లో కోడలో కూతురో చదువుతుంటే, కాలేజీలో ఈ సంగతి అడిగి తెలుసుకోమనండి.

మా పొరుగింటి సంగతి మిగిలిపోయింది. 2019లో ఆమె పాసైంది. ముసలావిడ అన్నమాట ప్రకారం ఆ వారంలోనే ఆళ్ళగడ్డ బస్సెక్కింది. అంతకుముందు చివరి డి.ఎస్‌సి. 2018 నోటిఫికేషనుది. దాని పరీక్షలు జరిగేటప్పటికి ఈమె చదువు పూర్తికాలేదు. తర్వాత పెద్ద డి.ఎస్‌సి. వచ్చింది 2025లో, 16,347 పోస్టులతో. ఆరేళ్ళు ఎదురుచూసి రాసింది. రాలేదు. కొన్ని మార్కుల్లో పోయింది. ఊళ్ళో కొందరు, "ఆ రెండేండ్లూ అతను పిండి కలిపింది ఊరికే పోయింది" అన్నారు.

ఇంట్లో మాత్రం ఎవరూ అలా అనలేదు. ఆమె ప్రైవేటు బళ్ళో పాఠాలు చెప్తోంది, జీతం తక్కువే. సాయంకాలం ఇంట్లో ట్యూషను. పిల్లవాడి లెక్కలు మాత్రం తండ్రే చూస్తాడు, ఆ రెండేళ్ళ అలవాటు అది. బ్యాంకులోని గొలుసు పోయిన సంక్రాంతికి విడిపించుకున్నారు. పాత నోటుబుక్కులో ఆ తేదీ కూడా రాసి ఉంది, ఈసారి రాసింది చిన్నవాడు. దానికింద కొత్త పేజీ తీసి, తదుపరి డి.ఎస్‌సి.కి పుస్తకాలు, దరఖాస్తు రుసుము అని పద్దు మొదలుపెట్టారు. ముసలావిడ మళ్ళీ వస్తానంది. ఈసారి ఆరునెలలే గడువు.