వెనక చక్రాల తాళం

ఇవాళ ట్రాక్టరు గురించి మాట్లాడబోతున్నానంటే, "పచ్చళ్ళూ, పిల్లల జలుబులూ అయిపోయాయా?" అని మావారు నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, పుట్టింటికి వెళ్ళినప్పుడు ధాన్యం బస్తాల మీద కూర్చుని ఊళ్ళోకి రాని వాళ్ళం మనలో ఎందరం ఉన్నాం? నేనూ అలా వచ్చినదాన్నే. ఒకసారి తృటిలో కాలువలో పడకుండా బయటపడ్డాను. అందుకే చెప్పాలనిపించింది.

తమ్ముడి కూతురి బారసాలకని డిసెంబరులో మా ఊరు వెళ్ళాను. అంతకు ముందు రెండు రోజులూ ముసురు. నూర్చి బస్తాలకెత్తిన ధాన్యం చేలోనే ఉండిపోయింది. మళ్ళీ వాన పడితే మొలకలొస్తాయని తమ్ముడికి ఆదుర్దా. 60 బస్తాలు, బస్తా 75 కిలోలు, అంటే 45 క్వింటాళ్ళు ట్రక్కు కెక్కించారు. వాటిమీద నేను, మా మరదలి తల్లిగారు, నలుగురు కూలి ఆడవాళ్ళు. చేను దాటకముందే ట్రాక్టరు ఎడమ వెనక చక్రం బురదలో దిగబడింది.

అప్పుడు చూశాను ఒక వింత. బురదలో ఉన్న చక్రం రుబ్బురోలులా గిర్రున తిరుగుతోంది. గట్టినేల మీద ఉన్న కుడి చక్రం మాత్రం కదలటం లేదు! బండిని లాగవలసిన మనిషి కూర్చుని, జారిపడ్డ వాడు గింజుకుంటున్నట్టుంది. డ్రైవరు కుర్రాడు ఇంకాస్త ఇంజను పెంచాడు. చక్రం ఇంకాస్త దిగింది.

ఎందుకలా అవుతుందో తమ్ముడు తరవాత చెప్పాడు. నాకర్థమైన తీరులో చెబుతాను. కళ్ళంలో బంతి తోలటం చూసే ఉంటారు. నడిమి గుంజకు దగ్గరగా ఉన్న ఎద్దు ఉన్నచోటే కాళ్ళు కదుపుతుంది, చివరి ఎద్దు మాత్రం పరుగులాంటి నడక నడవాలి. బండి మలుపు తిరిగినప్పుడు చక్రాలదీ అదే పని. వెనక చక్రాల మధ్య నాలుగున్నర అడుగుల ఎడం ఉంటే, పావు చుట్టు తిరిగేసరికి బయటి చక్రం లోపలి దానికన్నా 7 అడుగులు ఎక్కువ నడవాలి. రెండింటినీ ఒకే కడ్డీకి బిగించేస్తే ఏదో ఒకటి నేలమీద ఈడ్చుకుపోవలసిందే. అందుకని రెంటి మధ్యా డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల పెట్టె పెడతారు. 1820ల చివరలో ఫ్రాన్సులో పెకూర్ అనే ఆయన ఆవిరిబండి కోసం ఇలాంటి ఏర్పాటు చేశాడు. మీ వీధిలో తిరిగే కార్లలోనూ ఉండేది అదే.

దానికో బలహీనత ఉంది. మేడమీద వాళ్ళు కుళాయి తిప్పి బిందె పెట్టుకుంటారు. అంతలో కింద ఎవరో కుళాయి పూర్తిగా విప్పేస్తారు. పైన నీళ్ళు రావు. బురదలో చక్రానికి అడ్డేమీ లేదు కదా, అది విప్పేసిన కుళాయి. దానికెంత పట్టు దొరికితే రెండో చక్రానికీ అంతే బలం అందుతుంది. 45 క్వింటాళ్ళు కదలటానికి ఆ బలం ఏమూలకి?

సరే, అందరం దిగాం. తమ్ముడు ముందు ఇంజను తగ్గించమన్నాడు. ట్రక్కు వెనకవైపు పేర్చిన బస్తాలు పది ముందుకు మార్పించాడు. అది రెండు చక్రాల ట్రక్కు. బరువు వెనక్కు పోతే కొక్కెం పైకి లేచి, ట్రాక్టరు వెనక చక్రాలు నేలను సరిగా అదమవుట. ఈ సంగతి మాత్రం నాకు వెంటనే బోధపడింది, కావిడి మోసేవాణ్ణి చూడలేదూ! ఆ తరవాత, "ఇప్పుడు తొక్కు" అన్నాడు.

తొక్కమన్నది డిఫరెన్షియల్ లాకు. ఆ ట్రాక్టరులో కుడి మడమ దగ్గర చిన్న పెడలు. అది తొక్కితే రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి. చక్రం గిర్రున తిరుగుతుండగా మాత్రం తొక్కకూడదు, లోపల పళ్ళు విరుగుతాయి. మొదటి గేరులో నెమ్మదిగా లాగాడు. గట్టునున్న కుడి చక్రం పట్టు అందుకుంది. ఒక్క ఊపున ట్రక్కు బయటికొచ్చింది. మేమందరం చప్పట్లు కొట్టి, మళ్ళీ బస్తాలెక్కి కూర్చున్నాం. తెలివితక్కువ పని.

కుర్రాడు మడమ తీశాడు. పెడలు మాత్రం లేవలేదు. బురదా గడ్డీ దాని కింద ఇరుక్కుపోయాయి. అతను చూసుకోలేదు. ఇంకో యాభై గజాలకి కాలువగట్టు మలుపు. స్టీరింగు ఎడమకు తిప్పాడు. ముందు చక్రాలు తిరిగాయి గానీ, బండి తిరగలేదు! వెనక చక్రాలు రెండూ ఒకటైపోయి తిన్నగా కాలువ వైపే తోస్తున్నాయి. ఎడమ బ్రేకు ఒక్కటే తొక్కాడు. చేలో మళ్ళు తిప్పేటప్పుడు అలాగే తొక్కుతారు కదా. చక్రాలు విడిగా ఉంటేనే ఆ ఉపాయం పనిచేసేది. చివరికి క్లచ్చూ, రెండు బ్రేకులూ కలిపి తొక్కాడు. ట్రక్కుకు సొంత బ్రేకులు లేవు, వెనకనించి ఒక తోపు తోసింది. ముందు చక్రాలు గట్టు అంచున ఆగాయి. కింద నీళ్ళు కనబడుతున్నాయి. మా మరదలి తల్లిగారు నా చెయ్యి పట్టుకున్న పట్టుకి గాజులు రెండు చిట్లాయి.

వేగం ఇంకాస్త ఉండి ఉంటే మీకీ కబురు చెప్పేదాన్ని కాదు.

కొడవలి మొనతో తమ్ముడు ఆ మట్టి గీకేశాడు. క్లచ్చు తొక్కి చక్రాల మీద బిగువు సడలించగానే పెడలు టక్కున లేచింది. కుర్రాణ్ణి ఎవరూ తిట్టలేదు. వాడి ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు కూడా. తాళం వెయ్యటం ఎవరో నేర్పారు, అది వీడిందో లేదో చూసుకోవటం నేర్పలేదు. ఊబిలోంచి తిన్నగా బయటపడటానికే ఆ తాళం. గట్టి రోడ్డుమీదా, మలుపుల్లోనూ దాని పని లేదు. మలుపుకు ముందే లేచిందని కంటితో చూసుకోవాలి.

సరుకు ట్రక్కులో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం ఎటూ ఉంది. అయినా పల్లెల్లో పెళ్ళిళ్ళకీ, కలుపుతీతలకీ ఆడవాళ్ళు ఎక్కుతూనే ఉన్నారు, కూలివాళ్ళకు కాదనే వీలెక్కడిది? మనబోటి చుట్టాలకు మాత్రం నడిచే ఓపిక లేకపోవటం తప్ప వేరే కారణం లేదు. ఆ సాయంత్రం మిగిలిన మైలు దూరమూ ఆరుగురం చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే వచ్చాం. ఇంటికి చేరేసరికి బస్తాలు అరుగు మీదికి దించేశారు. కుర్రాడు కాఫీ తాగకుండా, ట్రాక్టరు కింద దూరి ఆ పెడలు మూల నీళ్ళు పోసి కడుగుతున్నాడు.