కదలకుండానే రాష్ట్రం మారారు



1789 అంటే ఫ్రెంచి విప్లవమని మన పిల్లలు ఠక్కున చెబుతారు. సంతోషమే. 1953 అక్టోబరు 1 గురించి అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తారు! పొట్టి శ్రీరాములు గారి ఆత్మత్యాగం తర్వాత ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజది. అంతవరకు మద్రాసు రాష్ట్రంలో ఉన్న మన జిల్లా ఆ రోజే చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారి, హోస్పేట, సిరుగుప్ప వగైరా మైసూరుకు వెళ్లాయి. బళ్లారి తాలూకా చిక్కు తేల్చడానికి మిశ్రా గారి కమిషనే వేయవలసి వచ్చింది.

ఆదోనిలో అల్లుడు, బళ్లారిలో మామ. ఇళ్లు కదల్లేదు, రాష్ట్రాలు వేరయ్యాయి. మీరు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడటం వెనుక ఆ తేదీ ఉందని నేనంటాను.

ఆ రోజు చూసినవారికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఈ సెలవుల్లోనే మీ అవ్వాతాతలను అడిగి, చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసుకోండి.