ఆలుమగల నడుమ చేతి ఫోను
(హోసూరున మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



తెలుగు బడులు, పాఠ్యపుస్తకములు, ఉపాధ్యాయుల ఖాళీలు - ఇవి మన సభలలో నిత్యము చర్చకు వచ్చునవి. నేడు మేము విన్నవింపబోవునది అట్టిది కాదు. ఇంటిలోపలి సంగతి సభకెందుకని కొందరికి తోచవచ్చును. కాని ఇంటిలోపలి తగవులు తీర్చుమని మన సంఘపు గడపకు వచ్చువారు నానాటికి హెచ్చుచున్నారు. భార్య ఫోనును భర్తయు, భర్త ఫోనును భార్యయు రహస్యముగా పరీక్షించు అలవాటును గూర్చి మాటలాడదలచితిమి.

మాది బియ్యము, బేడల అంగడి. సాయంకాలము లెక్కలు కట్టిన పిదప, తగవులతో వచ్చువారు మా గల్లాపెట్టె ప్రక్కనే కూర్చుందురు. వెనుకటి తగవులలో సాక్ష్యమనగా ఇరుగుపొరుగు మాట, మేనమామ మాట. ఇప్పుడు కాగితములు వచ్చుచున్నవి. ఆ మధ్య ఒక యువకుడు, తన భార్య పుట్టింటి తల్లితో వాట్సాప్‌లో వ్రాసికొన్న మాటలను నలువది పుటలు అచ్చువేయించి, ఎఱ్ఱసిరాతో గీతలు గీసి తెచ్చెను. "ఆయనకు కోపమెక్కువ" అన్నచోట గీత యున్నది. దానిని మాకు బిగ్గరగా చదివి వినిపించెను. ఆ వాక్యము అంతటితో ముగియలేదు. "గాని మనసు మంచిది" అని వెంటనే యున్నది. ఆ సగము క్రింద గీత లేదు. మిగిలిన పుటలన్నియు పులుసులో చింతపండు ఎక్కువైనదనియు, పండుగకు ఎప్పుడు పంపుదురో తెలియదనియు, ఇట్టివే. ఒక యింటి పరువును నలువది పుటలుగా చేసి అంగడిలో పరచిన తరువాత, ఆ దంపతులను మరల ఒక కప్పు క్రిందికి చేర్చుటకు ఎంత ప్రయాసపడవలసి వచ్చెనో మాకు తెలియును.

మన కుటుంబములకు ఇది ఇతరులకంటె గట్టిగా తగులుటకు కారణము కలదు. కుప్పము, పలమనేరు, మదనపల్లె వైపునుండి కోడండ్రను తెచ్చుకొనుట మనలో పూర్వమునుండి యున్నది. బడిలో తెలుగు తగ్గినను మన యిండ్లలో తెలుగు నిలిచియుండుట చాలవరకు ఆ కోడండ్ర చలువయే. మన అంగడి వీధిలో తెలుగు, తమిళము, కన్నడము మూడును చెల్లును. కాని రేషను అంగడి పలక తమిళము, బస్సు మీది ఊరి పేరు తమిళము. అక్కడ పది చదివి వచ్చిన పిల్ల ఇక్కడ ఒక్కనాటిలో చదువురానిదగును. అట్టి పిల్లకు పుట్టింటితో ఉన్న దారి ఆ ఫోను ఒక్కటే.

కార్డుల కాలమును పెద్దలు ఎరుగుదురు. కోడలికి వచ్చిన ఉత్తరమును ముందు తాము చదివి పిదప ఇచ్చు అత్తగార్లు ఆనాడు ఉండిరి. కోడలును అందుకు తగినట్లే "ఇచ్చట అందరము క్షేమము" అని నాలుగు పంక్తులు వ్రాసి ఊరకుండెడిది. ఆమెకు జ్వరమని తెలియుటకు ఎవరో బంధువు అటు వెళ్లవలసివచ్చెడిది. చదివినవారికి నిజము దక్కలేదు, కన్నవారికి వార్త చేరలేదు. నేడు ఫోను మాటలు ఇతరులు వినుచున్నారని తెలిసిన పిల్లయు అట్లే "బాగున్నాము" అనుచున్నది.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, తాము స్వయముగా వాడుకొను చేతి ఫోను గల స్త్రీలు మన దేశమున నూటికి 54 మంది మాత్రమే. భర్త భార్యపై చెలాయించు అదుపునకు గుర్తులుగా ఆ సర్వే అడుగు ప్రశ్నలలో, ఆమె ఎక్కడ నున్నదో ఎల్లప్పుడును తనకు తెలియవలెనని పట్టుపట్టుట ఒకటి.

ఈ పని జరుగు తీరు తెలిసికొనుట మంచిది. దీనికి గొప్ప విద్య అవసరము లేదు. నిదురించువారి ఫోనును రెండు నిమిషములు చేతబట్టిన చాలును. వాట్సాప్‌లో వేరొక యంత్రమును జతచేయు ఏర్పాటు కలదు. అది వ్యాపారులకు మిక్కిలి ఉపయోగకరము, మా గుమాస్తా కంప్యూటరులో దానినే వాడును. అదే ఏర్పాటుతో భార్య సందేశములను భర్త తన యంత్రములో చదువవచ్చును. గూగుల్ మ్యాప్‌లో ఉనికిని పంచు మీటను ఒకసారి నొక్కిపెట్టిన ఆమె ఎక్కడికి పోయినను చుక్క కదలుచుండును. ఫోను కొన్ననాడు భర్తయే ఖాతా తెరచి, దాని పాస్‌వర్డు తన వద్ద ఉంచుకొనుట మన యిండ్లలో సాధారణము. అతనికి దురుద్దేశము లేకపోయినను తాళపుచెవి అతని చేతిలోనే మిగులును. వీటన్నిటికంటె చెడ్డవి గూఢచారి యాప్‌లు. అవి తెరమీద కనబడకుండ దాగి, సందేశములను, ఛాయాచిత్రములను, ఉనికిని బయటికి పంపుచుండును. పిల్లల రక్షణకని చెప్పి అమ్ముదురు. ఆ సమాచారము కొన్నవాని యింటికి మాత్రమే చేరుననుకొనరాదు, మొదట అది అమ్మినవాని యంత్రములలో నిలువ యుండును. 2023 జూన్‌లో పోలండు దేశపు లెట్‌మీస్పై అను అట్టి సంస్థ నిలువలను దొంగలు దోచుకొనిరి. ఆగస్టులో అది మూతపడినది. భార్య రహస్యము తెలిసికొనగోరినవాడు దానిని ముందుగా పరదేశపు దొంగల పాలుచేసినట్లయ్యెను.

చట్టమేమి చెప్పుచున్నదని మమ్ము పలువురు అడిగియున్నారు. మేము న్యాయవాదులము కాము, మెట్రిక్ చదివిన వర్తకులము. తెలిసినంత చెప్పెదము. 2007లో హైదరాబాదులోని నాటి ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము, భార్య ఇతరులతో మాటలాడిన టెలిఫోను మాటలను ఆమె యెరుగకుండ భర్త పట్టియుంచుట చట్టవిరుద్ధమని చెప్పినది. తల్లిదండ్రులతో భార్య మాటలాడుటయందును నమ్మకము లేని భర్తకు వివాహమే నిరర్థకమన్న అభిప్రాయము ఆ తీర్పున కలదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్మానించిరి. 2024 అక్టోబరులో మన మదరాసు ఉన్నత న్యాయస్థానపు మధుర శాఖ, ఆ హక్కు భార్యాభర్తల నడుమను ఉండునని చెప్పి, భార్య ఫోను పిలుపుల పట్టీని చాటుగా సంపాదించి తెచ్చిన భర్త సాక్ష్యమును త్రోసివేసినది. అంతలో 2025 జూలై 14న సుప్రీంకోర్టు వేరొక వ్యాజ్యమునందు, దంపతులు ఒకరికి తెలియకుండ ఒకరు పట్టియుంచిన తమ సంభాషణను విడాకుల విచారణలో సాక్ష్యముగా స్వీకరింపవచ్చునని తీర్పు చెప్పినది.

ఈ చివరి తీర్పును చూపి, "ఇక భయము లేదు, పట్టియుంచవచ్చును" అనువారు మనలో బయలుదేరిరి. వారు తీర్పును సగమే చదివిరి, ఎఱ్ఱసిరా యువకునివలెనే. ఒకరిమీద ఒకరు నిఘా వేయు స్థితి వచ్చినదనగా ఆ సంసారము అప్పటికే విరిగినదనుటకు గుర్తని ఆ తీర్పులోనే యున్నది. పైగా 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను, స్త్రీ యొక్క ఇంటర్నెట్టు, ఈమెయిలు మొదలగు వాడుకలను పురుషుడు కనిపెట్టి చూచుటను వెంటాడుట అను నేరముగా పరిగణించుచున్నది. అందు భర్తకని ప్రత్యేకముగా మినహాయింపు వ్రాసి యుండలేదు.

"భార్యాభర్తల నడుమ దాపరికమేల? తప్పు లేనివారికి భయమేల?" అని కొందరు పెద్దలు అడుగుదురు. మనము వర్తకులము, మనకు తెలిసిన దారిలోనే చెప్పెదము. పశువుల సంతలో తువాలు క్రింద వ్రేళ్లు పట్టి బేరమాడుదురు. చుట్టునున్నవారికి ధర తెలియదు. దానిని మోసమని ఎవరైన అందురా? మర్మము వేరు, మోసము వేరు. మరియొకటి. గుమాస్తాను లెక్క అడుగుదుము. చిట్టా, ఆవర్జా ఎదుట పెట్టుకొని, అతనిని కూర్చుండబెట్టుకొని అడుగుదుము. అతడు లేనివేళ అతని చొక్కా జేబులు వెదకు యజమాని వద్ద మంచి గుమాస్తా నిలువడు. భార్యను గుమాస్తాతో పోల్చితిమని సోదరీమణులు కోపింపరాదు. కూలికి వచ్చినవానికే ఇంత మర్యాద యున్నప్పుడు ఇంటి ఇల్లాలికి ఎంత యుండవలెనో ఆలోచింపుడనియే మా మనవి.

ఇది పురుషుల తప్పు మాత్రమే అనుటలేదు. భర్త స్నానమునకు పోయిన వేళ అతని ఫోను తెరచు సోదరీమణులును కలరు. అనుమానమునకు ఆధారము దొరకలేదని తృప్తిపడి మానినవారిని మేము చూడలేదు. దొరకకపోయిన, తుడిచివేసియుందురని మరింత వెదకుదురు. అనుమానము నిజమేయైనను, ఫోనులో దొరికినది తగవునకు పనికివచ్చును గాని సంసారమునకు పనికిరాదు. ఎదుట కూర్చుండి అడుగు ధైర్యము లేనివారు పెద్దలతో చెప్పుకొనవచ్చును. విడిపోక తప్పని వారికి న్యాయస్థానము కలదు.

తెలిసి ఇచ్చుకొనునది వేరు. లారీ మీద రాత్రులు ప్రయాణము చేయు భర్త తన ఉనికిని భార్యకు తానే పంపును, ఆమె సుఖముగా నిదురించును. తనకు వలదన్ననాడు దానిని ఆపివేయు స్వేచ్ఛ అతనికి ఉన్నది. ఆ స్వేచ్ఛ భార్యకును ఉండవలెను.

మా ప్రతిపాదన యిది. న్యాయస్థానము సత్యము తేల్చవలెను గనుక అట్టి సాక్ష్యమును చూడవచ్చును. మన పని తీర్పు చెప్పుట కాదు, ఇల్లు నిలుపుట. కావున ఇకమీదట మన సంఘపు పెద్దలు, ఒకరి ఫోనునుండి చాటుగా తీసిన కాగితములను గాని, మాటలను గాని, చిత్రములను గాని రాజీ సమావేశమున చూడరాదు, వినరాదు. తెచ్చినవారు వాటిని సంచిలోనే ఉంచుకొని, తమ నోటితో తమ కష్టమును చెప్పవలెను. దెబ్బలు, బెదిరింపులు ఉన్నచోట ఈ నియమము వర్తింపదు. తనను కొట్టుదునని భర్త పంపిన సందేశమును భార్య చూపుట చాటుపని కాదు, అది ఆమెకు వచ్చినదే.

సభానంతరము ప్రక్క గదిలో, ఫోనుల పని తెలిసిన ఇద్దరు ఆడపిల్లలు సోదరీమణుల కొరకు కూర్చుందురు. వాట్సాప్‌లో జతచేసిన యంత్రముల పట్టీ ఎక్కడ నుండునో, ఉనికి ఎవరికి పోవుచున్నదో, ఖాతా పాస్‌వర్డు ఎట్లు మార్చవలెనో చూపుదురు. ఇంటిలో హింసకు భయపడువారు మాత్రము గూఢచారి యాప్ కనబడినంతనే తొందరపడి తీసివేయరాదు. తీసినట్లు అవతలివానికి వెంటనే తెలిసిపోవచ్చును. అట్టివారు ముందుగా వేరొకరి ఫోనునుండి 181 సంఖ్యకు మాటలాడవలెను, లేదా ఆ పిల్లలతో చెప్పవలెను. వారు ఎవరి పేరును వ్రాసికొనరు, మాకును చెప్పరు. పురుషులకు ఈ హాలులోనే ఏర్పాటు కలదు. ప్రతిపాదనపై అభ్యంతరములున్నవారు ఇప్పుడే లేచి చెప్పగోరుచున్నాము.