పేనుబంకకు పట్టెడి బూజు



బూజు అనగానే మనకు ఏవగింపు. ఊరగాయకు పట్టినచో పారవేయుదుము. తాటాకు గ్రంథమునకు పట్టినచో దులిపివేయుదుము. అట్టి బూజే ప్రత్తిచేనికి కావలి కాయు తరుణము కూడ గలదని విన్నవించుటకే నేటి యీ ప్రసంగము.

నేను కామారెడ్డిలో చిరకాలము పిల్లలకు చదువు చెప్పి విశ్రాంతి పొందినవాడను. నాయొద్ద చదివిన రైతొకడు ఎల్లారెడ్డి చెంత నల్లరేగడిలో ప్రత్తి వేసినాడు. క్రిందటేడు భాద్రపదమున వచ్చి, "పంతులుగారూ, ఆకులు ముడుచుకొనిపోయినవి. మందులకు అప్పు చేయవలసి వచ్చినది" అని వాపోయెను. ఇద్దరమును చేనికి పోతిమి. ఆకుల అడుగున పేనుబంక గుంపులు. అవి విసర్జించిన తేనెజిగురు. దానిపై మసివంటి నల్లని పొర. అయితే నాలుగుదినములుగా ముసురు పట్టియుండెను. ఆకు త్రిప్పి భూతద్దముతో చూడగా, పురుగులలో పెక్కు బూడిదవన్నె దాల్చి, నూగు కప్పుకొని, చచ్చి అంటుకొనియుండెను. "నాయనా, మూడునాళ్లు తాళుము" అంటిని. అనినానేకాని నాకు నిద్రపట్టలేదు. నా మాట తప్పైనచో పోవునది అతని పంట, నాది కాదు. వారము తిరుగకమునుపే గుంపులు పలుచబడి లేతచిగురు కానవచ్చెను.

ఇందు మహిమ యేమియు లేదు. పేనుబంక మగతోడు లేకయే పిల్లలను పెట్టును. ఆ పిల్లలు ఇంచుమించు వారమునకే తల్లులగును. గుంపు చిక్కనైన కొలది బూజు ఒకదానినుండి మరొకదానికి సులభముగా సోకును. చెమ్మగల వేళలందు దాని బీజకణములు పురుగు మేనికంటి, చర్మమును తొలుచుకొని లోనికి పోయి చంపును. పట్టుపురుగుల సున్నపు రోగము ఇట్టి బూజువలననే కలుగునని ఇటలీవాడైన అగస్టీనో బాస్సీ 1835లో నిరూపించెను. అమెరికాలో ఆర్కాన్సా విశ్వవిద్యాలయమువారు 1993 మొదలు పెక్కేండ్లు, రైతులు పంపిన పేనుబంకను పరీక్షించి, నూటికి 15 పురుగులకు బూజు సోకియున్నచో మందు చల్లక వేచియుండుడని చెప్పిరి. మనదేశమున వెర్టిసిల్లియం లెకానీ అను బూజు పొడిగా అమ్మకమునకు కలదు. నీట కలిపి సాయంవేళ చల్లుదురు.

అయినను ఎండ కాయుచు గాలి పొడిగా నున్నపుడు బూజును నమ్మి కూర్చుండుట తగదు. ముసురునాళ్లలో మాత్రము, మందుల దుకాణమునకు పోవుటకు ముందు ఆకు త్రిప్పి చూడుడు. బూజుపట్టిన పురుగులు, అక్షింతల పురుగులు కానవచ్చినచో తొందరపడకుడు. తెగులు మందు బూజును, పురుగుమందు అక్షింతల పురుగులను చంపును; మిగిలిన పేనుబంక అడ్డులేక మరల పెరుగును. అప్పుచేసి మన కావలివారినే చంపుకొనుట యేల? చూచుటకు కాసైన ఖర్చు లేదు.