నేరమూ, మనసూ: రెండు చదువులు ఒకచోట
(డోర్నకల్ పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో, పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ రోజున మనం డి.ఎ. గురించి, ఆసుపత్రి సదుపాయాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి పిల్లల చదువుల మీద కూడా ఎవరైనా నాలుగు మాటలు చెప్పాలని కార్యదర్శిగారు అన్నారు. మా ఇంట్లో కొన్నాళ్ళుగా నలుగుతున్న విషయమే చెబుతానన్నాను.

మా మనుమరాలు డిగ్రీ ఆఖరి సంవత్సరం. సైకాలజీ ఒక సబ్జెక్టు. పై చదువులో దానికి క్రిమినాలజీ, అంటే నేరశాస్త్రం, కలిపి చదువుతానంటోంది. వాళ్ళమ్మ "బి.ఎడ్. చెయ్యవే, నీడపట్టున ఉద్యోగం" అంటుంది. మా అబ్బాయి "జైళ్ళ చుట్టూ, పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగే చదువు ఆడపిల్లకెందుకు నాన్నా?" అంటాడు. నా ఓటు మనుమరాలికే.

సైకాలజీ మన రైల్వేవాళ్ళకు కొత్తేమీ కాదు. అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు కావాలన్నా, ఇంజను ఎక్కాలన్నా రాతపరీక్ష ఒక్కటే చాలదు, సైకో టెస్టు గట్టెక్కాలి. లక్నోలోని ఆర్.డి.ఎస్.ఓ.లో దానికో విభాగమే ఉంది. డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటాడనుకోండి. రూలు తప్పాడా లేదా అని విచారణలో అడుగుతారు, అడగాల్సిందే. వరుసగా ఎన్ని రాత్రులు డ్యూటీ చేశాడు, ఎన్ని గంటలు నిద్రపోయాడు, చూపు ఎక్కడ తప్పింది అన్నది రెండో ప్రశ్న. రేపు ఇంకో డ్రైవరు అదే చోట అదే పని చేయకుండా ఉండాలంటే ఈ రెండోది కూడా అడగాలి.

నేను గార్డుగా పనిచేసిన రోజుల్లో (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు) సింగరేణి బొగ్గు బండి యార్డులో ఆగితే చాలు, పిల్లలు వ్యాగన్లెక్కి బొగ్గు కిందికి తోసేవారు. మీరంతా చూసినదే. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ప్రకారం అది నేరం. ఒకసారి పట్టుబడ్డ కుర్రవాడికి పన్నెండేళ్ళుంటాయేమో. "ఎందుకెక్కావురా?" అంటే "పొయ్యిలోకి అమ్మ తెమ్మంది" అన్నాడు. వాడితోపాటు పట్టుబడ్డ పెద్దవాడు మాత్రం బస్తాకింతని బేరం పెట్టుకుని పిల్లల్ని ఎక్కించేవాడు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది బొగ్గే. ఇద్దరినీ ఒకే గాట కట్టవచ్చునా?

మనిషిని చూడకుండా నేరం ముద్ర వేస్తే ఏమవుతుందో మన తెలుగునేల చూసింది. పుర్రె, దవడ చూసి పుట్టు నేరస్థుణ్ణి గుర్తుపట్టవచ్చని ఇటలీ డాక్టరు లాంబ్రోసో 1876లో పుస్తకం రాశాడు. అంతకు ఐదేళ్ళ ముందే తెల్లదొరలు ఇక్కడ కులాలకు కులాలనే నేరస్థుల జాబితాకెక్కించే చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రాంతానికీ వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు పెట్టి ఎరుకల కుటుంబాలను చేర్చారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే కదలకూడదు. ఉయ్యాల్లో ఉన్న బిడ్డ ఏం దొంగిలించాడండీ? 1952లో ఆ చట్టం పోయింది గాని, ముద్ర పోలేదు. మన సినిమావాళ్ళు దాన్ని ఇంకా వాడుకుంటూనే ఉన్నారు. లవణంగారు, హేమలతా లవణంగారు ఏళ్ళ తరబడి ఆ ఇళ్ళ మధ్య తిరిగి, మాట్లాడి, పిల్లల్ని బడికి పంపించి చేసిన పని ఏ లాఠీ చేయలేదు.

ఈ రోజున ఈ రెండు చదువులూ తప్పనిసరిగా కలవాల్సిన చోటు ఒకటుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, 16 నిండి 18 నిండని పిల్లవాడి మీద ఘోరమైన నేరారోపణ వస్తే, వాణ్ణి పెద్దవాడిలాగా విచారించాలా వద్దా అని జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుగా అంచనా వేయాలి. చేసిన పని పర్యవసానం వాడికి తెలుసా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి చూడాలి. బోర్డులో పిల్లల మనస్తత్వశాస్త్రంలోగాని మానసిక వైద్యంలోగాని పట్టా ఉండి ఆ వృత్తిలో ఉన్నవారు లేకపోతే నిపుణుల సాయం తీసుకోక తప్పదని 2022 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక నివేదిక మీద ఒక పిల్లవాడి బతుకు ఆధారపడి ఉంటుంది. చట్టం తెలియని సైకాలజిస్టు రాసింది కోర్టులో నిలవదు. మనసు సంగతి తెలియని వకీలుకు అది అర్థం కాదు.

చదువులెక్కడున్నాయి అంటారా? సాగర్ విశ్వవిద్యాలయంలో 1959లోనే నేరశాస్త్ర విభాగం పెట్టారు. మనకు దగ్గర్లో మద్రాసు విశ్వవిద్యాలయంలో ఉంది. ఢిల్లీలో 1972లో మొదలైన సంస్థ, 2020 చట్టంతో ఏర్పడిన జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయంలో కలిసింది. అక్కడ ఫోరెన్సిక్ సైకాలజీలో ఎం.ఎస్సీ. చెబుతారు. ఒక్క సంగతి ముందే తెలుసుకోండి. ఉత్త ఎం.ఎ. సైకాలజీతో క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు కట్టుకోవడానికి వీల్లేదు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన చదువు, రిజిస్ట్రేషను ఉండాలి. ఉద్యోగాలు బాలుర గృహాల్లో, సఖి కేంద్రాల్లో, జైళ్ళలో, ఫోరెన్సిక్ లాబుల్లో ఉంటాయి. చాలావరకు కాంట్రాక్టువే, మొదట్లో జీతం నా పెన్షన్ కంటే తక్కువే రావచ్చు. ఇదంతా మనుమరాలికి దాచకుండా చెప్పాను. "తెలుసు తాతయ్యా" అంది. దరఖాస్తు రుసుము నేనే కట్టాను. మా అబ్బాయి ఇంకా ముభావంగానే ఉన్నాడు.

నేరశాస్త్రం దొంగను గురించే కాదు, మోసపోయినవాణ్ణి గురించి కూడా చదువుతుంది. ఇది మనకే ఎక్కువ అవసరం. సి.బి.ఐ. నుంచి అంటూ వీడియో ఫోను చేసి, "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు" అని బెదిరించేవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ముప్పై ఏళ్ళు పైసా తేడా రాకుండా లెక్కలు రాసినవాళ్ళు కూడా ఎందుకు పడిపోతున్నారు? ముందు గుండె జారేట్టు భయపెడతారు, ఫోను పెట్టనివ్వరు, ఇంట్లో ఎవరికీ చెప్పవద్దంటారు. మనిషిని ఒంటరిని చేస్తే ఆలోచన ఆగిపోతుందని వాళ్ళకు తెలుసు. వాళ్ళూ ఒక రకం సైకాలజీ చదివినవాళ్ళే! డబ్బు పోయాక మనం సిగ్గుపడి నోరు విప్పం. ఆ సిగ్గు వాళ్ళకు రెండో ఆసరా. అలాంటి ఫోను వస్తే పెట్టేసి, పక్క గదిలో ఉన్నవాళ్ళను పిలవండి. డబ్బు పోయిందా, ఆ గంటలోనే 1930కి ఫోను చేయండి. డబ్బు చేతులు మారకముందే ఖాతా ఆపించే అవకాశం ఉంటుంది. ఆ నంబరు పెద్దక్షరాలతో రాయించి ఆఫీసు గోడకు అంటించాలని కార్యదర్శిగారిని కోరుతున్నాను.

సెలవు.