పంపినోళ్ళకు కూడా ఒక కాపీ రావాలా?



మాకు పది నిమిషాలు ఇచ్చినారు. నూలు ధర గురించి మాట్లాడమని కొందరు, కూలి గురించి మాట్లాడమని కొందరు చెప్పినారు. వాటి గురించి మాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ వరసలోనే కూర్చోని ఉండారు. మేము చిన్న సంగతి ఒకటి ఎత్తుకున్నాము. ఫెడరేషన్ గ్రూపు ఈమెయిలుకు ఒక సంగం జాబు పంపితే, అందరికీ పోయినట్టే పంపిన సంగానికి కూడా ఒక కాపీ తిరిగి రావాలా, వద్దా? పోయిన కమిటీ మీటింగులో దీని మీద అర్ధగంట వాదన జరిగింది, తేలలేదు. నవ్వినోళ్ళు కూడా ఉండారు. రావాలనే మా పక్షము. ఎందుకో చెప్తాము.

కాగితం కాలంలో సంగం జాబు ఎట్ల పోయేదో ఇక్కడ ఉండే తలనెరిసినోళ్ళకు తెలుసు. టైపు మిషన్లో రెండు కాగితాల నడుమ కార్బన్ పెట్టి కొట్టేది. పైది ఆఫీసుకు, కిందిది మన ఫైలుకు. ఈమెయిల్లో సీసీ అని ఉంటుంది చూడండి, అది ఈ కార్బన్ కాపీయే, పేరు అట్లనే మిగిలిపోయింది. కొట్టిన జాబును డెస్పాచ్ రిజిస్టర్లో నంబరు వేసి రాసేది. దగ్గర ఆఫీసైతే తపాలు పుస్తకంలో సంతకం తీసుకొనేది. దూరమైతే రిజిస్టర్ పోస్టు, వెనక ఒక అక్నాలెడ్జిమెంటు కార్డు. ఆ కార్డు సంతకంతో తిరిగొచ్చేదాకా గుమాస్తాకు నిద్ర పట్టదు.

ఇందులో మూడు వేరువేరు సంగతులు ఉండాయి. కార్బన్ కాపీ మనం ఏం రాసినామో చెప్తుంది. పోస్టు రసీదు మనం వేసినామని చెప్తుంది. కార్డు వాళ్ళకు అందిందని చెప్తుంది. ఒకటి చూపించి ఇంకొకటి అయిపోయిందని అనేదానికి లేదు.

ఇప్పుడు ఈమెయిల్లో 'సెంట్' అనే పెట్టె ఉంది. చాలామంది అది చూసి పని ముగిసిందని అనుకుంటారు. అది కార్బన్ కాపీ, మహా అయితే పోస్టు రసీదు. కార్డు కాదు. చట్టం కూడా ఈ రెండింటినీ విడదీసే చూస్తుంది. 2000లో వచ్చిన సమాచార సాంకేతిక చట్టం 13వ సెక్షన్ ప్రకారం, జాబు మన అదుపు దాటి బయటి కంప్యూటర్లోకి పోయినప్పుడు పంపినట్టు లెక్క. పుచ్చుకునేవాళ్ళు చెప్పిన కంప్యూటర్లోకి చేరినప్పుడు అందినట్టు లెక్క. రిజిస్టర్ పోస్టుకైతే 1897 జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ఉంది. సరైన అడ్రసు రాసి, స్టాంపు అంటించి వేస్తే, మామూలుగా చేరే సమయానికి చేరినట్టే అనుకోవాలి, కాదని ఎవరన్నా రుజువు చేస్తే తప్ప. గ్రూపు ఈమెయిలుకు అట్లాంటి అండ ఉందని మాకు ఎవరూ చూపించలేదు.

గ్రూపు అంటే నడుమ ఒక మనిషి ఉన్నట్టు. మనం వాడికి ఒక్కడికి ఇస్తాము, వాడు అందరికీ పంచుతాడు. ఊర్లో దండోరా వేసేవాడికి సంగతి చెప్పి పంపితే, మన వీధిలో కూడా వాడి తప్పెట వినపడితేనే కదా వేసినాడని తెలిసేది? మన వీధిని వదిలేసి పోయినాడంటే, మిగతా వీధుల్లో వేసినాడో లేదో మనకు ఎట్ల తెలుస్తుంది?

జరిగిన సంగతి ఒకటి చెప్తాము, పేరు వద్దు. ఒక సంగం వాళ్ళు వయసు మీరిన నేతగాళ్ళ పెన్షన్ లిస్టును గ్రూపుకు పంపినారు. అన్ని సంగాల పేర్లు చేర్చి ఒకే వినతిపత్రంగా ఇయ్యాలని ఏర్పాటు. పాత ఈమెయిల్ పాస్‌వర్డు పోయింది కాబట్టి కొత్త అడ్రసు నుంచి పంపినారు. ఆ కొత్త అడ్రసు గ్రూపు సభ్యుల లిస్టులో లేదు. జాబు గ్రూపు వాకిట్లో నిలిచిపోయింది, అనుమతి ఇచ్చేవాళ్ళు చూసుకోలేదు. వాళ్ళ సెంట్ పెట్టెలో మాత్రం పోయినట్టే ఉంది. వినతిపత్రం ఇచ్చేసినాక, ఒక ముసలాయన వచ్చి మా పేరు ఏమైందని అడిగినాక తెలిసింది. ఆయన మగ్గం గుంతలో దిగి కూర్చునే శక్తి పోయి ఎన్నేళ్ళో అయింది. తిరిగి కాపీ వచ్చే పద్ధతి ఉండి ఉంటే, కాపీ రాలేదే అని గుమాస్తా మరుసటి రోజే ఫోన్ చేసి ఉండేవాడు.

మన పిల్లోడు ఒకడు బెంగళూరులో కంప్యూటర్ పనిలో ఉండాడు, వాడిని అడిగినాము. ఈ వాదన మనది మాత్రమే కాదంట, ఈమెయిల్ పుట్టినప్పటి నుంచీ ఉందంట. పాతకాలం యూనిక్స్ కంప్యూటర్లలో గ్రూపుకు జాబు వేస్తే పంపినోడిని లిస్టులోంచి తీసేసేవాళ్ళంట. తనకూ కావాలంటే 'మీ టూ' అనే ఒక మాట పెట్టుకోవాలంట, అంటే 'నాకు కూడా' అని. మెయిల్‌మాన్ అనే గ్రూపు సాఫ్ట్‌వేర్‌లో మీ జాబు మీకూ రావాలా అని ప్రతి సభ్యుడినీ అడుగుతుంది, ఏమీ మార్చకపోతే వస్తుంది. మనం అందరమూ వాడే జీమెయిల్లో చిక్కు ఉంది. మనం గ్రూపుకు పంపిన జాబు మనకే తిరిగొస్తే, అది మీ దగ్గర ఇప్పటికే ఉంది కదా అని ఇన్‌బాక్సులో చూపించదు. అంటే మనం కావాలన్నా రాదు. ఇది తెలియకనే మీటింగులో అర్ధగంట పోయింది.

వద్దనేవాళ్ళ మాట కూడా న్యాయంగా చెప్పాల. మన ఇంటి కూడు మళ్ళా మనకే వడ్డించినట్టు ఉంటుందని ఒకరు అన్నారు. ఫోను నిండిపోతుందని ఇంకొకరు. తన జాబునే ఇంకొకరి జాబు అనుకొని తనకే జవాబు రాసుకొనే పెద్దమనిషి కూడా ఉండాడు, ఆయన ఇక్కడే ఉండాడు, నవ్వుతా ఉండాడు. గుడ్ మార్నింగులు, పూల బొమ్మలు గ్రూపు ఈమెయిలుకు పంపేవాళ్ళుంటే కాపీలు నిజంగానే బాధే. వాటికి వాట్సాప్ ఉంది. ఈమెయిల్ సంగం పనికి.

ఇంకొకటి. తిరిగొచ్చిన కాపీలో మనం పంపింది ఏ రూపంలో చేరిందో కూడా కనపడుతుంది. మన ఆఫీసుల్లో అరవం జాబులు ఇప్పటికీ కొందరు వానవిల్ ఫాంటులో కొడతారు. కొట్టిన కంప్యూటర్లో ముత్యాల్లా ఉంటాయి. ఆ ఫాంటు లేని ఫోనులో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. జీమెయిల్లో 25 ఎంబీ దాటిన ఫైలు జాబుతో పోదు, డ్రైవ్ లింకుగా పోతుంది. అనుమతి ఇయ్యకపోతే ఎదుటివాళ్ళకు తెరుచుకోదు. మనకైతే తెరుచుకుంటుంది, ఫైలు మనదే కదా. అందుకనే కాపీ అదే అడ్రసుకు వచ్చేదానికంటే వేరే అడ్రసుకు రావడం మేలు.

కాబట్టి మేము అడిగేది ఇది. ప్రతి సంగమూ గ్రూపులో రెండు అడ్రసులు చేర్చాల. ఒకటి ఆఫీసుది, ఇంకొకటి అధ్యక్షుడిదో, ఫోను చూసే అలవాటుండే ఒక కమిటీ మెంబరుదో. ఆఫీసు నుంచి జాబు పోతే రెండో అడ్రసుకు కాపీ వస్తుంది, జీమెయిల్ దాచిపెట్టదు. వచ్చిన తేదీని డెస్పాచ్ రిజిస్టర్లో ఆ జాబు నంబరు ఎదురుగా రాసుకోవాల. మరుసటి రోజు సాయంత్రానికి రాకపోతే ఫెడరేషన్ ఆఫీసుకు ఫోన్ చేయాల. ఫెడరేషన్ వాళ్ళు కూడా వాకిట్లో నిలిచిన జాబులను రోజుకొకసారి చూసేదానికి ఒకరిని పెట్టాల.

కాపీ వచ్చిందంటే గ్రూపు పంచిందని మాత్రమే అర్థము. అందరూ చదివినారని కాదు. సర్వసభ్య సమావేశం నోటీసు, ఎన్నిక సంగతి, డబ్బు సంగతి అయితే సంతకం తీసుకొనే పాత పద్ధతిని వదలొద్దు.

అడ్రసులు రాసిచ్చే కాగితాలు వాకిలి దగ్గర టేబుల్ మీద పెట్టినాము. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా, పెద్దగా రాయండి. చుక్క ఎక్కడ ఉందో తెలిసేటట్టు రాయండి. టీ తాగే లోపల ఇచ్చేస్తే మేమే చేర్పించి, ఈ రాత్రికే ఒక జాబు వేసి చూస్తాము.